అంచున నిలబడి పక్కకు తిరిగితే

జూన్ 9

అక్కకు, నీ చెవిటి తమ్ముడు రాస్తున్నది.

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "సరే సరే" అన్నది దేనికో నాకిప్పటికీ తెలియదు. ఏదైనా మాటిచ్చి ఉంటే కాగితం మీద మళ్ళీ అడుగు. ఎడమ చెవి పూర్తిగా సెలవు తీసుకుంది. కుడి చెవి తనకు బుద్ధి పుట్టినప్పుడు పని చేస్తోంది. ఇక మనకు ఉత్తరాలే దిక్కు.

అసలు వార్త. నా పని అయిపోయింది. పదకొండేళ్ళుగా "ఆ పని ఏమిట్రా" అని నువ్వు అడగడం, నేను మాట దాటేయడం జరుగుతోంది కదా. ఈసారి చెబుతాను, టీ పక్కన పెట్టుకుని చదువు.

ఒక గదిలో చదరపు గోడ మీద, ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక వంపు గీత గీశావనుకో. అది నేలనూ పైకప్పునూ దాటకూడదు. అది ఎంత నిటారుగా ఎక్కగలదు? ఏ గీతయినా సరే అంటే హద్దు లేదు. కానీ అది బహుపది అయితే, అంటే కూడికలూ గుణకారాలూ మాత్రమే వాడి తయారు చేసిన గీత అయితే, దాని వాలుకు హద్దుంది. డిగ్రీ, అంటే అందులోని పెద్ద ఘాతం, మూడైతే గోడ నడిమధ్యలో మూడు, చివర్లలో తొమ్మిది. డిగ్రీ ఐదైతే మధ్యలో ఐదు, చివర్లలో ఇరవై ఐదు. అంతకు మించదు. ఇది నేను కనుక్కున్నది కాదు, వందేళ్ళుగా తెలిసిందే.

నా ప్రశ్న ఏమిటంటే, గీత బదులు ఒక బంతి ఉంది. అందులో ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. దూరం కొలిచే పద్ధతి మనిష్టం. ఒక రకంగా కొలిస్తే బంతి గుండ్రంగా ఉంటుంది, ఇంకో రకంగా కొలిస్తే పెట్టెలా, మరో రకంగా మొనలు తేలి ఉంటుంది. ఏ బంతిలోనైనా, ఎటు తిరిగినా, ఆ తొమ్మిదే హద్దా? అవునని తేల్చాను. పత్రిక్కి పంపేముందు ఒకసారి చదవమని ఒక విద్యార్థినికి ఇచ్చాను. తక్కిన పిల్లలు నాకు వినపడాలని అరుస్తారు. ఈ అమ్మాయి అరవదు, ప్రశ్నను చీటీ మీద రాసి బల్ల మీద పెడుతుంది. కాలేజీ అంతా చీటీల పిల్ల అంటారు.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు తగ్గించమన్న డాక్టరు మాట విన్నావా, విన్నట్టు నటించావా?

ఉంటాను,
తమ్ముడు


జూన్ 17

ఒరేయ్ తమ్ముడూ, సబ్బు వాసనతో సహా అక్క రాయునది.

ఆదివారం నువ్వు "సరే సరే" అన్నది ఎండాకాలం సెలవుల్లో మిగిలిన నాలుగు రోజులూ ఇక్కడే గడుపుతానని. మాట తప్పావు, సెలవులు కూడా అయిపోయాయి. ఇకమీదట కాగితం మీదే అడుగుతాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూలలున్న బంతి దగ్గర కాసేపు ఆగాను. మా ఫ్యాక్టరీలో ఇలాంటి మాట ఎవరైనా అంటే గేటు దగ్గర ఊదించి లోపలికి పంపుతారు. కానీ గీత సంగతి మాత్రం నాకు వెంటనే తలకెక్కింది. ఎందుకో చెబుతాను.

సబ్బు చుట్టే యంత్రం నీకు తెలుసుగా, ముప్పై ఏళ్ళుగా నేను చూసుకునేది. అందులో క్యామ్ అని గుడ్డు ఆకారంలో ఒక ఇనుప చక్రం ఉంటుంది. అది తిరుగుతుంటే దాని అంచు మీద ఆనుకున్న చేయి పైకి లేచి సబ్బును కాగితంలోకి తోస్తుంది, మళ్ళీ దిగుతుంది. చేయి ఎలా ఎక్కాలో ఎలా దిగాలో అన్నది ఆ ఇనుప అంచు వంపే చెబుతుంది. ఇప్పుడున్నది నీ భాషలో డిగ్రీ మూడు. మేనేజరుకి వేగం కావాలి. డిగ్రీ ఐదు వంపుతో కొత్తది కావాలంటున్నాడు. ఇనుములో కోసి తీయాల్సింది నేనే. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది, ఆ వంపు మాత్రం ఐదో డిగ్రీ చేస్తోంది. నవ్వకు.

నువ్వు చెప్పు, డిగ్రీ పెంచితే మంచిదా కాదా? ఒక్క ముక్కలో చెప్పు. నువ్వు చెప్పిన దాన్ని బట్టే మేనేజరుతో మాట్లాడతాను.

మోకాలి గురించి అడక్కు, దానికీ నాకూ మాటల్లేవు.

అక్క


జూన్ 25 (కార్డు)

అక్కా, పరీక్ష పేపర్లు దిద్దుతూ రాస్తున్నాను, అందుకే కార్డు. నీ ప్రశ్నకు జవాబు: డిగ్రీ పెరిగితే వాలు హద్దు పెరుగుతుంది, చివర్లలో మరీ. జాగ్రత్త.

నా సంగతి: సిద్ధాంతం చేజారింది. చీటీల పిల్ల ఒక్క చీటీతో పదకొండేళ్ళూ పట్టుకుపోయింది. ఇప్పుడు నా దగ్గర ఏమీ మిగల్లేదు. మొన్నటి నుంచి ఆ అమ్మాయే దాని మీద కూర్చుంది. వివరాలు తర్వాత.

తమ్ముడు


జూలై 1

ఒరేయ్,

కార్డు అందింది. చదివాక ఆ పూట నా చేతిలో అన్నీ వంకరగానే వచ్చాయి. రెండు చక్రాలు తుక్కులోకి పోయాయి.

పదకొండేళ్ళు. మా మరదలు పోయిన ఏడు నువ్వు నిద్ర లేకుండా ఆ కాగితాలే పట్టుకుని బతికావు. నాకు తెలుసు. ఒక చదువుకునే పిల్ల, నమ్మి చేతికిచ్చిన పనిని పట్టుకుపోతే నువ్వు కార్డు మీద మూడు ముక్కలు రాసి పేపర్లు దిద్దుకుంటున్నావు. చిన్నప్పుడూ అంతే. నీ గోలీలు ఎవడైనా లాక్కుంటే వాడు ఆడుకుంటుంటే పక్కన నిలబడి చూసేవాడివి. వెళ్ళి తెచ్చేది నేను.

ఇప్పుడూ తెచ్చే ప్రయత్నం చేశాను. మీ కాలేజీ లెక్కల విభాగం చిరునామాకు, "చీటీల పిల్ల అని పిలవబడే విద్యార్థినికి" అని కవరు మీద రాసి ఒక ఉత్తరం వేశాను. "మా తమ్ముడికి చెవులు వినపడవు కానీ నాకు వినపడతాయి. తీసుకున్నది ఎక్కడిదో అక్కడ పెట్టేయి" అని రాశాను. ఇంకా రాశాను, అదంతా ఇక్కడెందుకు.

క్యామ్ విషయం: నీ మాట ప్రకారం డిగ్రీ ఐదు వద్దని మేనేజరుకి చెప్పేశాను. మా తమ్ముడు లెక్కల లెక్చరరు, చివర్లలో ఇరవై ఐదు వాలు వస్తుందంటున్నాడు, యంత్రం చేయి ఊడి చేతికొస్తుంది అన్నాను. భయపడ్డాడు. పాతదే నడుస్తోంది, టకటకమని మోగుతూ.

నువ్వు వేళకు తిను.

అక్క


జూలై 2

అక్కా,

పేపర్లు అయిపోయాయి. ఇప్పుడు నీకు పెద్ద ఉత్తరం బాకీ.

ఆ అమ్మాయి మొదటి చీటీలో ఒకే వాక్యం: "అంచున నిలబడి పక్కకు తిరిగితే మీ గీత ఎక్కడుంది సార్?" నా పద్ధతి ఏమిటంటే, బంతిలో ఎక్కడ నిలబడ్డా, చూస్తున్న దిక్కుగా ఒక గీత గీసి, ఆ గీత మీద పాత తొమ్మిదిని ప్రయోగించడం. కానీ అంచున నిలబడి పక్కకు తిరిగితే, ఆ దిక్కులో అడుగు వేయగానే బంతి బయట పడతాం. గీతే లేదు. గీత లేకపోతే నా దగ్గర ఏమీ లేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నేను అంచున నిలబడి పక్కకు చూడలేదు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళాను, బస్సు ఉందని కూడా గుర్తు రాలేదు.

రెండు రోజుల తర్వాత రెండో చీటీ. నాలుగు వరుసలు. గీత మీద ఎందుకు నడవాలి, వంపు మీద నడుద్దాం అంది. ఉన్న చోటు నుంచి, ముందున్న దిక్కును కొంచెం తగ్గిస్తూ పక్క దిక్కును కొంచెం కలుపుతూ, ఉయ్యాలలా ఊగే దారి ఒకటి రాసింది. ఆ పాళ్ళు ఎలా వేసిందంటే, ఎంత ఊగినా బంతి దాటదు. ఆ బంతి గుండ్రనిదా, పెట్టెలాంటిదా, మొనలదా అని ఆ దారి అడగనే అడగదు. సరిగ్గా అంచుకు వచ్చేసరికి ఉయ్యాల కుంచించుకుపోతుంది, నిజమే. అందుకని అంచుకు కాస్త లోపల తేల్చి, అక్కడి నుంచి అంచుకు ఒక పాత లెక్కతో చేరుకుంది. తొమ్మిది తొమ్మిదిగా నిలిచింది.

చీటీ చదివి నేను గట్టిగా నవ్వానట. నాకు వినపడలేదు, పక్క గదిలోంచి వచ్చి చూశారు. ఇద్దరి పేర్లూ వేసి పత్రిక్కి పంపాను. ఆ అమ్మాయి పేరే ముందు. ఆగస్టులో పరిశోధన సంస్థలో ఇంటర్వ్యూ ఉంది తనకి, అక్కడ ఇదే చెప్పమన్నాను.

జూలై 6

పై ఉత్తరం పోస్టు చేయకముందే నీది వచ్చింది. రెండు రోజులుగా ఆ అమ్మాయి క్లాసుకు రావడం లేదు. జ్వరమేమో అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది జ్వరం ఎక్కడిదో.

అక్కా, పట్టుకుపోయింది అంటే ఓడించింది అని. దాని మీద కూర్చుంది అంటే దాని గురించే ఆలోచిస్తోంది అని. కార్డు మీద చోటు లేక నేను చేసిన తప్పు ఇది. కానీ అడగకుండా రాసింది నువ్వు. హాస్టల్‌కు వెళ్ళి చూశాను, ఊళ్ళో లేదన్నారు. నాకేమీ పాలుపోవడం లేదు.

తమ్ముడు


జూలై 15

తమ్ముడికి,

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి మూడు కాగితాలు పాడు చేశాను. చెబుతాను, మధ్యలో కోప్పడకు.

నీ ఉత్తరం రాకముందే, ఐదో తారీకున, మధ్యాహ్నం భోజనాల వేళ గేటు దగ్గర్నుంచి కబురు. ఎవరో అమ్మాయి వచ్చింది అని. సన్నగా ఉంది, భుజానికి సంచి. రెండు బస్సులు మారి వచ్చిందట. నా ఉత్తరం చేతిలో ఉంది.

"మీరేనా అక్కగారు?" అంది.

"నేనే. నువ్వేనా?" అన్నాను. నా గొంతు అప్పటికి బాగానే గట్టిగా ఉంది.

"తీసుకున్నది ఎక్కడిదో అక్కడ పెట్టమన్నారు. అది సార్ దగ్గరే ఉందండి. నేను తీసుకున్నానో లేదో మీరే చూడండి" అని సంచిలోంచి పెన్ను తీసింది. కాగితం కోసం చూస్తే సబ్బుల అట్టపెట్టె కనపడింది. దాని మీదే రాయడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా, ఒక్కో వరుసా రాసి, "ఇది ఒప్పుకుంటారా?" అని అడిగి, నేను ఊ అన్నాకే తర్వాతి వరుసకు పోయింది. నేను చాలాసార్లు ఊ అనలేదు. అయినా ఆ పిల్ల విసుక్కోలేదు. ఉయ్యాల దగ్గర మాత్రం నాకు అర్థం కాలేదని ఒప్పుకున్నాను. అప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి రెండు చేతులూ చాపి, ఒక చేయి దించుతూ ఇంకో చేయి ఎత్తుతూ చూపించింది. చుట్టూ ఆడవాళ్ళు అన్నం డబ్బాలు మూసి చూస్తున్నారు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ దారి ఆ పిల్ల సొంతంగా వేసిందేనని, నీది పట్టుకుపోలేదని. తల కొట్టేసినట్టయింది. "నేను నోరు పారేసుకున్నానమ్మా" అన్నాను.

"మీరు సార్ కోసం రాశారు. నా కోసం ఎవరూ అంత కోపంగా ఉత్తరం రాయలేదు ఎప్పుడూ" అంది. వేళాకోళమా నిజమా అని మొహంలోకి చూశాను. నిజమే.

నా పక్కన కూర్చోబెట్టి తినిపించాను. తింటూనే యంత్రం చప్పుడు విని అదేమిటని అడిగింది. డిగ్రీ ఐదు కథ చెప్పాను. తను చేయి కడుక్కుని వచ్చి, "హద్దు ఇరవై ఐదు అంటే అంతకు మించదని అండి. అంత అవుతుందని కాదు. ఈ ఊరికి వచ్చే బస్సులో యాభై మంది పడతారంటే, ప్రతి బస్సులోనూ యాభై మంది ఉన్నట్టా?" అంది. మేనేజరు ఇచ్చిన వంపు తీసి చూసి లెక్క కట్టింది. చివర్లలో వాలు సున్నా. మధ్యలోనే కాస్త ఎక్కువ, అదీ పాతదాని కన్నా పావు వంతే. నేను అడ్డం తిరిగి ఒక మంచి చక్రాన్ని వారం రోజులు ఆపానన్న మాట. మేనేజరు దగ్గరికి వెళ్ళి ఆ ముక్క నేనే చెప్పాను. ఆయన పాపం, "మరి మీ తమ్ముడు?" అన్నాడు. మా తమ్ముడు చెప్పింది సరే, విన్నది నేను అన్నాను.

ఆ పిల్ల తర్వాత వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళి రెండు రోజులుండి వస్తానంది. అలిగి వెళ్ళలేదు. ఈపాటికి తిరిగి వచ్చే ఉంటుంది, కంగారు పడకు.

నీ మీద నాకు కోపం ఒకటే. ఇంకెప్పుడూ కార్డు రాయకు.

అక్క


ఆగస్టు 20

అక్కకు,

నిన్న పత్రిక నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. మేము పంపిన ఫలితం సరైనదే, రుజువు కూడా సరైనదే. కానీ ముప్పై ఏళ్ళ కిందటే ఒకరు అదే తేల్చారు, అదే ఉయ్యాల దారితో. మా చిన్న కాలేజీ గ్రంథాలయంలో ఆ సంచిక లేదు. నేను ఎవరినీ అడగలేదు. ఎవరైనా నా కంటే ముందు చేసి ఉంటారేమోనన్న భయం ఉండేది, అందుకే అడగలేదనుకుంటాను. ఆ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

ఉత్తరం చదివి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏడుపు రావాలి కదా అని ఎదురు చూశాను. రాలేదు. అక్కా, అది నిజం. పదకొండేళ్ళుగా నేను నిజమని నమ్మినది నిజమే. ఎక్కడో ఎవరో అదే దారిలో నడిచారు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి మీద నాకు బంధువు మీద ఉన్నంత ప్రేమ కలిగింది.

నిన్న నా భయమంతా ఆ అమ్మాయి గురించే. ఇంటర్వ్యూ ఇవాళ ఉదయం. కొత్త ఫలితం అని చెప్పాలనుకుంది. నిన్న సాయంత్రమే పిలిచి పత్రిక జవాబు చూపించాను. చదివింది. ఒక చీటీ అడిగి రాసింది: "వాళ్ళకు ఎన్ని వరుసలు పట్టిందో చూశారా సార్?" చూడలేదన్నాను. మరో చీటీ: "సంస్థలో చూస్తాను. మన వరుసలు తక్కువైతే చెబుతాను."

ఇందాక స్టేషన్ నుంచి నేరుగా వచ్చింది. లోపలికి వెళ్ళగానే, "ఇది ముందే తేలిందట, మాకు నిన్ననే తెలిసింది. అయినా ఎలా కనుక్కున్నామో చెప్పనా?" అని అడిగిందట. చెప్పమన్నారు. బల్ల చుట్టూ ఐదుగురు పెద్దవాళ్ళు, ఈ అమ్మాయి చేతులు చాపి ఉయ్యాల చూపిస్తే అందులో ఒకాయన లేచి తన చేతులూ అలాగే చాపి చూశాడట. సీటు ఇచ్చారు. ఆ మాట మాత్రం చీటీ మీద రాయలేదు. నా కుడి చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. వినపడింది.

తమ్ముడు


సెప్టెంబర్ 4

తమ్ముడికి, అక్క సంతోషంగా రాయునది.

నీ ఉత్తరం మా షెడ్డులో చదివి వినిపించాను. అట్టపెట్టె చూసినవాళ్ళందరికీ అమ్మాయి తెలుసు కదా. చప్పట్లు కొట్టారు. మేనేజరు ఏమిటని వచ్చి, తెలుసుకుని, తనూ కొట్టి వెళ్ళాడు.

కొత్త క్యామ్ బిగించాను. పన్నెండు రోజులైంది. టకటక పోయింది. ఇప్పుడు ఆ యంత్రం పక్కన మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. నాకు అదే వింతగా ఉంది.

దాని గురించి ఒకటి అడగాలి. ఆ పిల్ల కట్టిన లెక్క ప్రకారం కొత్తదానికి వాలు ఎక్కువ కదా, పావు వంతైనా. వాలు ఎక్కువైతే చప్పుడు ఎక్కువ కావాలి. తగ్గింది. నేను రెండు చక్రాలూ బల్ల మీద పెట్టి వేలితో అంచు నిమురుతూ చూశాను. పాతదాంట్లో ఎక్కడం మొదలయ్యే చోట వేలికి తెలుస్తుంది, ఒక్కసారిగా మలుపు. కొత్తదాంట్లో ఎక్కడ మొదలైందో వేలికి తెలియదు. అంటే టకటకమనేది వాలు వల్ల కాదు, వాలు మారే తీరు వల్ల. వాలుకే ఇంకో వాలు ఉంటుందిగా, దాని వల్ల.

నువ్వు పదకొండేళ్ళు వాలుకు హద్దు పట్టుకున్నావు. బాగుంది. కానీ యంత్రాలు విరిచేది ఆ రెండోది. మీ బంతుల్లో, ఆ మూలల బంతుల్లో, దానికి హద్దు ఎంత? తెలిస్తే రాయి. పిచ్చి ప్రశ్న అయితే అదీ రాయి.

మోకాలికి పట్టీ వేశాను. మెట్లు తగ్గించాను, నిజంగానే.

అక్క


సెప్టెంబర్ 12

అక్కా,

పిచ్చి ప్రశ్న కాదు. నీ ఉత్తరం చదివాక నేను కుర్చీలోంచి లేచి రెండుసార్లు గది చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ చదివాను.

గీత మీద అయితే జవాబు తెలుసు. డిగ్రీ మూడుకు, వాలు యొక్క వాలు ఇరవై నాలుగు దాటదు. బంతిలో ఏమిటి? మా ఉయ్యాలను రెండుసార్లు వాడి చూశాను. ముప్పై ఆరు వచ్చింది. ముప్పై ఆరు దాటదని నేను ఇవాళ నీకు రాసివ్వగలను. కానీ అసలు హద్దు ఇరవై నాలుగేనా, లేక మొనలున్న ఏదో బంతిలో, ఏదో అంచున, అంతకు మించి లేస్తుందా? నాకు తెలియదు. ఉయ్యాల ఒక్కసారి ఊగడానికి సరిపోయింది, రెండోసారికి చాలడం లేదు.

చీటీల పిల్ల సంస్థలో చేరడానికి వెళ్ళే ముందు వచ్చింది. నీ ఉత్తరం చూపించాను. చదివి, నిలబడే బ్యాగు నేల మీద పెట్టింది. బస్సు తప్పిపోయింది, తర్వాతి బస్సుకు వెళ్ళింది. ఇది కూడా ఎవరో ఎప్పుడో తేల్చే ఉంటారు. ఈసారి అడగడానికి నాకు భయం లేదు, సంస్థలో గ్రంథాలయం పెద్దది, ఒక్క పూటలో తెలిసిపోతుంది. కానీ మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వచ్చే వేసవి దాకా చూడం. ముందు మేమే ప్రయత్నిస్తాం.

ఇద్దరం అన్నాను, ముగ్గురం అని దిద్దుకో. మలుపును వేలితో పట్టగలిగిన మనిషి మాలో ఇంకెవరూ లేరు. డిగ్రీ మూడుతో మొదలుపెడుతున్నాం. పెట్టెలాంటి బంతి నీది. దాని అంచున నిలబడి నీకు ఏం కనిపిస్తుందో రాయి. నేను మొనలది తీసుకున్నాను.

తమ్ముడు